ఇంట్లో చిన్న వయసులోనే గుండెపోట్లు ఉంటే: కుటుంబ చరిత్ర రాయడం నుంచి పరీక్షల దాకా

"మా నాన్నకి 49 ఏళ్లకే స్టంట్ వేశారు. నాకిప్పుడు 34. నేను ఏ పరీక్షలు చేయించుకోవాలి?" ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇది. వీళ్లలో చాలామంది అప్పటికే ఈసీజీ, టీఎంటీ (మెషీన్ మీద నడిపిస్తూ చేసే గుండె పరీక్ష) తీయించుకుని ఉంటారు. "అంతా నార్మలే అన్నారు, అయినా టెన్షన్ పోవడం లేదు" అంటారు.

పరీక్షల కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. మీ రక్తసంబంధీకుల్లో ఎవరికి, ఏ వయసులో, ఏం జరిగిందో ఒక పేజీలో రాయాలి. ఆ పేజీ సరిగ్గా ఉంటే ఏ పరీక్ష ముందు కావాలో డాక్టర్‌కి వెంటనే తెలిసిపోతుంది. అది లేకుండా చేయించుకునే పరీక్షలతో డబ్బు పోతుంది, భయం మాత్రం పోదు.

ఒక కాగితం, ఒక ఫోను, రెండు ఆదివారాలు పెట్టుకోండి. చాలు.

1. "చిన్న వయసు" అంటే ఎంత?

డాక్టర్లు వాడే లెక్క ఇది. తండ్రికి, అన్నదమ్ములకి, కొడుక్కి 55 ఏళ్లలోపు గాని, తల్లికి, అక్కచెల్లెళ్లకి, కూతురికి 65 ఏళ్లలోపు గాని గుండె రక్తనాళాల జబ్బు బయటపడితే, ఆ ఇంట్లో చిన్న వయసు గుండెజబ్బు చరిత్ర ఉన్నట్టు.

ఇక్కడ చూడాల్సింది చనిపోయిన వయసు కాదు, జబ్బు మొదటిసారి బయటపడ్డ వయసు. నాన్న 71 ఏళ్లకి పోయి ఉండొచ్చు. ఆయనకి మొదటి స్టంట్ 50లో పడి ఉంటే కాగితం మీద రాయాల్సింది 50.

తల్లిదండ్రుల్లో ఒకరికి ఇలా చిన్న వయసులో వస్తే పిల్లలకి ముప్పు సుమారు రెట్టింపవుతుంది. పైగా దక్షిణాసియా వాళ్లకి మొదటి గుండెపోటు మిగతా దేశాల వాళ్ల కంటే ముందే వస్తోంది. 52 దేశాల్లో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మన ప్రాంతం వాళ్లకి మొదటి గుండెపోటు వచ్చిన మధ్యస్థ వయసు 53. అందుకే "ఇంకా నలభై కూడా రాలేదు కదా" అని ఆగకండి.

2. ఎవరిని రాయాలి? మన వరసలతో జాగ్రత్త

చాలామంది పేజీలు తప్పేది ఇక్కడే. మన పిలుపుల్లో రక్తసంబంధం ఉన్నవాళ్లు, లేనివాళ్లు కలిసిపోతారు.

- బాబాయి: నాన్న తమ్ముడైతే రాయాలి. పిన్ని భర్త అయితే రాయక్కర్లేదు.
- పెద్దమ్మ: అమ్మకి అక్క అయితే రాయాలి. పెదనాన్న భార్యగా పెద్దమ్మ అయితే అక్కర్లేదు.
- అత్త: నాన్నకి తోబుట్టువైన మేనత్తని రాయాలి. మేనమామ భార్యని అక్కర్లేదు.
- మామయ్య: అమ్మ అన్నదమ్ములని రాయాలి. మేనత్త భర్తని అక్కర్లేదు.

డాక్టర్‌తో "మా బాబాయికి వచ్చింది" అంటే ఆయనకి సగమే తెలుస్తుంది. "మా నాన్న సొంత తమ్ముడికి వచ్చింది" అనండి.

మేనరికం ఉన్న ఇళ్లలో ఈ జాబితా మారిపోతుంది. మీ అమ్మ తన మేనమామనే చేసుకుంటే, మీకు రెండు వైపులా వచ్చేది ఒకే కుటుంబం రక్తం. అప్పుడు "అమ్మ వైపు", "నాన్న వైపు" అని విడగొట్టి రాయడం కుదరదు. పేజీ పైన పెద్ద అక్షరాలతో "మేనరికం" అని రాసి, ఎవరికి ఎవరు ఏమవుతారో గీత గీసి చూపండి. ఇది ఎంత ముఖ్యమో ఆరో మెట్టులో చెబుతాను.

రాసే క్రమం ఇలా పెట్టుకోండి: ముందు తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు. తర్వాత ఇద్దరు తాతలు, అమ్మమ్మ, నానమ్మ, సొంత మేనమామలు, మేనత్తలు, పిన్నులు, పెద్దమ్మలు, బాబాయిలు, పెదనాన్నలు. ఆ తర్వాత వాళ్ల పిల్లలు. బాగున్నవాళ్లని కూడా రాయాలి. ఎనిమిది మంది తోబుట్టువుల్లో ఒకరికి వచ్చిందా, ఐదుగురికి వచ్చిందా అనేది చాలా పెద్ద తేడా.

3. ఎలా అడగాలి

ఇంటి ఆడవాళ్లని ముందు అడగండి. ఎవరు ఎప్పుడు ఆసుపత్రిలో చేరారో, ఎన్నాళ్లున్నారో, ఎవరు క్యారేజీ మోశారో వాళ్లకే గుర్తుంటుంది.

"మన ఇంట్లో గుండెజబ్బు ఉందా?" అని అడగకండి. "అబ్బే, లేదు" అనేస్తారు. ఒక్కో మనిషి పేరు తీసుకుని, ఆ రోజు ఏం జరిగిందో చెప్పమనండి. జవాబులో ఈ మాటలు వస్తే అక్కడ ఆగి ఇంకో ప్రశ్న వేయండి.

- "గ్యాస్ పట్టేసి పోయాడు": చెమటలు పట్టాయా? నొప్పి చేతికో దవడకో పాకిందా? ఎంతసేపట్లో అయిపోయింది?
- "స్ట్రోక్ వచ్చింది": గుండెకా, మెదడుకా? చెయ్యి, కాలు పడిపోయిందా? మాట పోయిందా? మన దగ్గర రెండింటినీ స్ట్రోక్ అనే అంటారు.
- "నిద్రలోనే పోయాడు": వయసెంత? అంతకుముందు ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం ఉండేవా?
- "స్టంట్ వేశారు", "బెలూన్ చేశారు", "బైపాస్ అయింది": ఇవి రక్తనాళాల జబ్బే. సంవత్సరం అడగండి.
- "గుండెలో రంధ్రం", "వాల్వు మార్చారు": ఇది వేరే సంగతి. విడిగా రాయండి.
- "బావిలో పడి పోయాడు", "బండి మీంచి పడ్డాడు": పడటానికి ముందే స్పృహ పోయిందేమో అడగండి.

మా ఇంట్లో మేనమామ గురించి ఇరవై ఏళ్లు "గ్యాస్ నొప్పితో పోయాడు" అనే చెప్పుకున్నాం. పేజీ రాసేటప్పుడు అత్తయ్యని మళ్లీ అడిగాను.

"అత్తయ్యా, ఆ రోజు మామయ్యకి నొప్పి ఎక్కడ వచ్చింది?"

"పొద్దుటే లేచి రొమ్ము పట్టేసిందన్నాడురా. వాము నమిలాడు. చొక్కా పిండితే నీళ్లు కారేంత చెమట. ఆటో వచ్చేలోపే..."

తర్వాత ఆవిడ బీరువాలో చీరల కింద నుంచి ఒక ప్లాస్టిక్ కవర్ తీసింది. చనిపోవడానికి ఏడాది ముందు తీసిన ఈసీజీ కాగితం అందులో ఉంది. గీతలు దాదాపు చెరిగిపోయాయి. ఆ కాగితం అంతే, కొన్నేళ్లకి వెలిసిపోతుంది. మీ ఇంట్లో అలాంటివి ఉంటే ఈరోజే ఫోటో తీసి పెట్టుకోండి.

ఒక్క మాట. కర్మ జరుగుతున్న రోజుల్లో, ఏడుస్తున్న మనిషిని కూర్చోబెట్టి అడగకండి. కొన్నాళ్లు ఆగి, ఇంటికి వెళ్లి, పక్కన కూర్చుని అడగండి. "ఆయనకి జరిగింది మన పిల్లలకి జరగకూడదనే అడుగుతున్నా" అంటే చెప్పనివాళ్లు ఉండరు.

4. వయసు తేల్చడం

పాతతరం వాళ్ల వయసు ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆధార్‌లో జనవరి 1 అనో జూలై 1 అనో ఉంటే అది అంచనాగా వేయించిన తేదీ కావచ్చు. దాన్ని పట్టుకుని లెక్క వేయకండి.

అందరికీ గుర్తుండే సంగతులతో పోల్చి అడగండి. గోదావరి పుష్కరాలు 1991, 2003, 2015లో వచ్చాయి. కృష్ణా పుష్కరాలు 1992, 2004, 2016లో. "ఆ పుష్కరాలకి ముందా, తర్వాతా?" అంటే పెద్దవాళ్లు తడుముకోకుండా చెబుతారు. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు, ఎన్టీ రామారావు మొదటిసారి ముఖ్యమంత్రి అయింది 1983 జనవరి. పెద్దకూతురి పెళ్లి ఏడాది, మనవడు పుట్టిన ఏడాది కూడా పనికొస్తాయి. పదో తరగతి సర్టిఫికెట్, డిశ్చార్జ్ సమ్మరీ దొరికితే ఇంకా మంచిది.

కచ్చితంగా తేలకపోతే "45-50 మధ్య" అని రాయండి. ఖాళీ వదలకండి.

5. పేజీ ఇలా ఉండాలి

ఒక్కో మనిషికి ఒక్కో వరుస. అందులో చుట్టరికం, ఇప్పటి వయసు లేదా చనిపోయిన వయసు, జబ్బు బయటపడ్డ వయసు, ఏం జరిగింది, తోడుగా ఏమున్నాయి అనేవి రాయాలి. ఒక నమూనా:

- నాన్న: ఇప్పుడు 66. 49లో గుండెపోటు, స్టంట్. బీడీ కాల్చేవారు. షుగర్ 52 నుంచి. మందులకి ముందు ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 214.
- నాన్న సొంత తమ్ముడు: 44లో పొద్దున రొమ్ము నొప్పి, గంటలో మరణం. పొగ, షుగర్ లేవు.
- మేనత్త: ఇప్పుడు 63. బాగుంది. కొలెస్ట్రాల్ ఎప్పుడూ చూపించుకోలేదు.
- అక్క: ఇప్పుడు 39. లక్షణాలు లేవు. ఎల్‌డీఎల్ 205.

పొగ, షుగర్, బీపీ తప్పకుండా రాయాలి. పెట్టెడు సిగరెట్లు తాగి 54లో గుండెపోటు తెచ్చుకున్న మనిషికీ, ఏ అలవాటూ లేకుండా 44లో పోయిన మనిషికీ కారణం ఒకటే కాకపోవచ్చు. రెండోది జన్యువుల వైపు గట్టిగా వేలు చూపిస్తుంది.

ఆ "మందులకి ముందు" అన్న మాట కూడా ముఖ్యం. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర వేసుకుంటున్నప్పుడు తీసిన ఎల్‌డీఎల్ 110 చూసి "కొలెస్ట్రాల్ తక్కువే" అనుకోవద్దు. గట్టి మోతాదు స్టాటిన్ ఎల్‌డీఎల్‌ని సగానికి పైగా దించుతుంది. పాత రిపోర్టు వెతకండి.

6. పేజీని ఎలా చదవాలి

రోగనిర్ధారణ డాక్టర్ చేస్తారు. అయితే ఏ దారిలో వెళ్లాలో మీకు ముందే తెలిస్తే సరైన చోటికి వెళ్తారు. పేజీలు ఎక్కువగా మూడు రకాలుగా కనిపిస్తాయి.

*మొదటి రకం: తరతరానికీ దిగివస్తున్న కొలెస్ట్రాల్.* పెద్దవాళ్లలో ఎల్‌డీఎల్ 190 దాటినా, పిల్లల్లో 160 దాటినా, దాంతోపాటు ఇంట్లో చిన్న వయసు గుండెపోట్లు ఉన్నా, వంశపారంపర్య అధిక కొలెస్ట్రాల్ అనే జబ్బుని అనుమానించాలి. సుమారు 250-300 మందిలో ఒకరికి ఇది ఉంటుంది. కాలేయం రక్తంలోంచి చెడు కొలెస్ట్రాల్‌ని లాగేసే పనిలో పుట్టుకతోనే లోపం. ఎక్కువగా ఎల్‌డీఎల్ఆర్ అనే జన్యువులో తేడా వల్ల, కొందరిలో ఏపీఓబీ, పీసీఎస్‌కే9 జన్యువుల వల్ల వస్తుంది. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకీ రావడానికి సగం అవకాశం. ఆడా మగా తేడా లేదు. సన్నగా ఉన్నా, శాకాహారి అయినా వస్తుంది.

ఇంట్లోనే చూసుకోగల గుర్తు ఒకటుంది. నేల మీద కూర్చుని, మడమ వెనక పిక్క కిందికి దిగే లావు స్నాయువుని (కండరాన్ని ఎముకకి కలిపే పట్టీని) బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని పైకీ కిందకీ తడమండి. సాధారణంగా అది నున్నగా, తాడులా తగులుతుంది. ఈ జబ్బు ఉన్న కొందరిలో మందంగా, ముడులు ముడులుగా తగులుతుంది. వేళ్ల వెనక కణుపుల మీద కూడా అలాంటి గడ్డలు రావచ్చు. 45 ఏళ్లలోపే నల్లగుడ్డు చుట్టూ తెల్లటి వలయం ఉంటే అదీ గుర్తే. ఇవి లేనంత మాత్రాన జబ్బు లేదని కాదు.

మేనరికం సంగతి ఇక్కడికి వస్తుంది. భార్యాభర్తలిద్దరికీ ఈ లోపం ఉంటే, ప్రతి బిడ్డకీ రెండు వైపుల నుంచీ రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం. అలాంటి పిల్లల్లో ఎల్‌డీఎల్ 400 దాటిపోతుంది. చికిత్స లేకపోతే పదిహేను, ఇరవై ఏళ్లలోపే గుండెపోటు రావచ్చు. మేనరికపు ఇంట్లో ఒకరికి ఎల్‌డీఎల్ 190 దాటిందంటే పిల్లలకి పరీక్ష వాయిదా వేయొద్దు.

*రెండో రకం: కొలెస్ట్రాల్ మరీ ఎక్కువ కాదు, అయినా ముగ్గురు నలుగురికి యాభైలోపే వచ్చింది.* ఇక్కడ ముందు చూడాల్సింది లైపోప్రొటీన్ ఎ, అంటే రక్తంలో కొలెస్ట్రాల్‌ని మోసే ఒక రకం కణం. మామూలు లిపిడ్ ప్రొఫైల్‌లో (రక్తంలో కొవ్వుల పరీక్షలో) ఇది ఉండదు, విడిగా అడగాలి. దీని స్థాయిని ఎక్కువగా జన్యువులే నిర్ణయిస్తాయి, తిండి మార్చినా పెద్దగా తగ్గదు. కాబట్టి చాలామందికి జీవితంలో ఒక్కసారి చూస్తే సరిపోతుంది. డెసిలీటరుకి 50 మిల్లీగ్రాములు, లేదా లీటరుకి 125 నానోమోల్స్ దాటితే ఎక్కువ కింద లెక్క. రిపోర్టులో ఏ కొలత ఉందో చూసుకోండి, ఒకదాన్ని ఇంకోదానిలోకి లెక్క కట్టకండి. ఇది ఎక్కువని తెలిస్తే డాక్టర్ ఎల్‌డీఎల్, బీపీ, షుగర్‌లని ఇంకా గట్టిగా అదుపులో పెడతారు. ఉపయోగం అదే.

ఇలాంటి చాలా ఇళ్లలో ఒకే పెద్ద లోపం ఉండదు. ఒక్కోటీ కొంచెం ముప్పు పెంచే చిన్న చిన్న తేడాలు ఎన్నో కలిసి, వాటి మీద పొగ, షుగర్, పొట్ట తోడవుతాయి.

*మూడో రకం: నలభైలోపు హఠాత్తు మరణాలు, బ్లాక్‌ల ఊసే లేదు.* ఆడుతూ పడిపోవడం, కళ్లు తిరిగి పోవడం, "గుండె పెరిగింది" అనడం. ఇది గుండె కండరం జబ్బు గాని, గుండె లయ జబ్బు గాని కావచ్చు. దీనికి కొలెస్ట్రాల్ పరీక్ష సరిపోదు. ఈసీజీ, ఎకో (గుండెకి తీసే అల్ట్రాసౌండ్ స్కాన్) కావాలి, హృద్రోగ నిపుణుడు చూడాలి. ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 డీఎన్ఏ అక్షరాలు లోపించిన తేడా మన దేశంలో సుమారు 4 శాతం మందిలో ఉందని, అది గుండె కండరం జబ్బు ముప్పు పెంచుతుందని 2009లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధనా సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న పరిశోధనలో తేలింది. ఉన్న ప్రతివాళ్లకీ జబ్బు వస్తుందని కాదు. కానీ మూడో రకం పేజీ ఉన్న ఇంట్లో అందరూ ఎకో చేయించుకోవడం మంచిది.

7. పరీక్షల వరుస

మొదటి, రెండో రకం పేజీలకి:

☐ లిపిడ్ ప్రొఫైల్. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే లెక్కగట్టిన ఎల్‌డీఎల్‌ని నమ్మలేం. నేరుగా కొలిచే ఎల్‌డీఎల్ చేయించండి.
☐ లైపోప్రొటీన్ ఎ, ఒకసారి. ఏపోలైపోప్రొటీన్ ఎ1 అనేది వేరే పరీక్ష. చీటీ మీద పేరు సరిచూసుకోండి.
☐ హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్). 5.7 నుంచి 6.4 దాకా షుగర్ అంచున ఉన్నట్టు, 6.5 నుంచి షుగర్ కింద లెక్క.
☐ టీఎస్‌హెచ్. థైరాయిడ్ తగ్గినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది.
☐ బీపీ, వేర్వేరు రోజుల్లో.
☐ నడుము కొలత. మనవాళ్లలో మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటకూడదు.

ఇవన్నీ చూశాక మందు మొదలుపెట్టాలా వద్దా అన్న సందేహం మిగిలితే డాక్టర్ కాల్షియం స్కోర్ స్కాన్ (గుండె రక్తనాళాల్లో పేరుకున్న కాల్షియాన్ని కొలిచే సీటీ స్కాన్) రాయొచ్చు. చిన్న వయసులో స్కోర్ సున్నా వస్తే పండగ చేసుకోకండి. మెత్తటి కొవ్వు పేరుకుని ఉన్నా అందులో కాల్షియం చేరకపోతే ఆ స్కాన్‌లో కనిపించదు.

8. జన్యు పరీక్ష ఎప్పుడు?

అందరికీ అక్కర్లేదు. మొదటి రకం, మూడో రకం పేజీలున్న ఇళ్లలో పనికొస్తుంది. ముందు జబ్బు వచ్చిన మనిషికే చేయించాలి. ఆయనలో ఏ తేడా ఉందో తెలిశాక, మిగతావాళ్లలో ఆ ఒక్కదాని కోసం చూడటం తేలిక, ఖర్చూ తక్కువ. ఆరోగ్యంగా ఉన్న కొడుక్కి ముందు చేయించి "ఏమీ లేదు" అని వస్తే, ఆ ఫలితానికి అర్థం సరిగ్గా తేలదు.

రిపోర్టుని ఫోన్‌లో చూసి మీరే అర్థం చెప్పుకోకండి. జన్యు వైద్య విభాగం ఉన్న చోట చూపించండి. హైదరాబాద్‌లో నిమ్స్‌లో ఆ విభాగం ఉంది.

9. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు

మీకు దొరికేది పది నిమిషాలు. పేజీని ముందు పెట్టి మొదటి వాక్యం ఇలా అనండి: "మా నాన్నకి 49లో, ఆయన సొంత తమ్ముడికి 44లో గుండెపోటు వచ్చింది. నా ఎల్‌డీఎల్ ఇంత."

అడగాల్సినవి:

☐ నా ఎల్‌డీఎల్ ఎంతకి దిగాలి?
☐ మందు ఇప్పుడే కావాలా, ఎందుకు?
☐ మళ్లీ పరీక్ష ఎప్పుడు?
☐ మా తోబుట్టువులకి, పిల్లలకి ఏ పరీక్ష, ఏ వయసులో?

పిల్లలు కనే ఆలోచన ఉన్న ఆడవాళ్లు ఆ మాట ముందే చెప్పాలి. గర్భం సమయంలో స్టాటిన్ మామూలుగా ఆపిస్తారు.

10. ఎక్కువమంది చేసే తప్పులు

*"ఈసీజీ, టీఎంటీ నార్మల్, ఇక భయం లేదు."* ఈసీజీ ఆ క్షణం గుండె ఎలా ఉందో చెబుతుంది. టీఎంటీ చాలావరకు మూసుకుపోయిన నాళాన్నే పట్టుకుంటుంది. మూడోవంతు మూసుకున్న చోట కొవ్వు పగిలినా గుండెపోటు వస్తుంది. ముప్పుని కొలిచేవి ఏడో మెట్టులోని పరీక్షలు.

*"అమ్మ వైపు కదా, నాకు రాదు."* జన్యువులు రెండు వైపుల నుంచీ సమానంగా వస్తాయి.

*ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ రోజూ వేసుకోవడం.* గుండెపోటు రాని మనిషికి అది కడుపులో రక్తస్రావం తెచ్చిపెట్టొచ్చు. డాక్టర్ చెబితేనే వేసుకోవాలి.

*స్టాటిన్‌ని మూడు నెలలు వాడి, రిపోర్టు బాగుందని ఆపేయడం.* వంశపారంపర్య కొలెస్ట్రాల్ ఉన్నవాళ్లలో ఆపిన కొన్ని వారాల్లోనే మళ్లీ మొదటికొస్తుంది. కండరాల నొప్పులు వస్తే మీరే ఆపకుండా చెప్పండి. మోతాదు మార్చొచ్చు, మందే మార్చొచ్చు.

*"రాసిపెట్టి ఉంటే ఎలాగూ వస్తుంది."* నాకు అన్నిటికంటే బాధ కలిగించే మాట ఇది. 2016లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, జన్యుపరంగా ఎక్కువ ముప్పు ఉన్నవాళ్లలోనే పొగ తాగకుండా, బరువు పెరగకుండా, వ్యాయామం చేస్తూ, మంచి తిండి తిన్నవాళ్లకి, అవి పాటించని వాళ్ల కంటే గుండె ముప్పు 46 శాతం తక్కువగా కనిపించింది. ఇంట్లో ఒక్కరైనా పొగ తాగుతుంటే ఈ పేజీ ముందు వాళ్లకి చూపించండి.

11. మిగతావాళ్లకి చెప్పడం

మీలో వంశపారంపర్య కొలెస్ట్రాల్ తేలితే తోబుట్టువులు, పిల్లలు, తల్లిదండ్రులు అందరూ లిపిడ్ ప్రొఫైల్ చేయించుకోవాలి. పిల్లలకి రెండేళ్లు దాటాక ఎప్పుడైనా చూడొచ్చు. పదేళ్ల దాకా ఆగకపోవడం మంచిది. అవసరమైన పిల్లలకి సుమారు 8-10 ఏళ్ల నుంచి నిపుణులు మందు మొదలుపెడతారు.

పెళ్లి కావాల్సిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో "బయటికి తెలిస్తే సంబంధాలు రావు" అని దాచేస్తారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. ఊరందరికీ చెప్పక్కర్లేదు. రక్తం పంచుకున్న వాళ్లకి మాత్రం చెప్పాలి. ఫ్యామిలీ గ్రూపులో పెట్టకుండా ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి. "అన్నయ్యా, నాకు ఇది తేలింది. నీకూ ఉండే అవకాశం సగం. ఒక్క రక్తపరీక్షతో తెలుస్తుంది, మాత్రతో అదుపులో ఉంటుంది. ఈ వారంలో చేయించుకో" అంటే చాలు. వారం తర్వాత మళ్లీ ఫోన్ చేసి రిపోర్టు అడగండి. ఈ రెండో ఫోన్ మర్చిపోకండి, చాలామంది పరీక్షకి వెళ్లేది అప్పుడే.

12. ఈలోగా నొప్పి వస్తే

ఇలాంటి ఇంట్లో రొమ్ము బరువు, దవడకో ఎడమచేతికో పాకే నొప్పి, చల్లటి చెమట, కారణం లేని ఆయాసం వస్తే గ్యాస్ మాత్ర వేసుకుని చూద్దాం అనుకోకండి. ఆడవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో నొప్పి లేకుండా నీరసం, వికారం, ఆయాసంగానే రావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి. బండి మీరే నడుపుకుంటూ వెళ్లొద్దు. ఈసీజీ తీయగానే ఆ పేజీ ఫోటో డాక్టర్‌కి చూపించండి. 30 ఏళ్ల కుర్రాడికి గుండెపోటు ఎందుకొస్తుందిలే అని ఎవరైనా అనుకునేలోపే, వాళ్ల బాబాయికి 44లో ఏం జరిగిందో ఆ కాగితం మీద కనిపించాలి.